ఎనర్జీ ఆడిట్ తప్పనిసరి అంటున్నారు, మా మేనేజర్ మాత్రం కాగితం చాలంటున్నారు

ప్రశ్న: నేను ఒక పెద్ద తయారీ కంపెనీలో మెయింటెనెన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మాకు రెండు ఫ్యాక్టరీలు, ఒక గోదాము, ఒక ఆఫీసు భవనం ఉన్నాయి. చట్టం ప్రకారం ఎనర్జీ ఆడిట్, అంటే కరెంటు, ఇంధనం ఎక్కడెంత పోతోందో చూసే తనిఖీ, చేయించాల్సిన గడువు దగ్గరపడింది, ఆ పని నా నెత్తిన పడింది. మా జనరల్ మేనేజర్ "ఎవరు తక్కువకు వస్తే వాళ్లకు ఇచ్చెయ్, మనకు కావాల్సింది రిపోర్టే కదా" అంటున్నారు. పోయినసారి చేయించిన రిపోర్టు బీరువాలోనే ఉంది, అందులో చెప్పినవాటిలో ఒక్కటీ చేయలేదు. కొత్త ఆడిటర్ వచ్చి ఇన్నాళ్లూ కరెంటు వృథా అయిందని రాస్తే ఆ మాట నా మీదికే వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. మీటర్లు పెట్టాలంటే ప్రొడక్షన్ వాళ్లు మెషిన్లు ఆపనివ్వరు. అసలు దీనివల్ల ఉపయోగం ఉందా? సోలార్ పెట్టేసుకుంటే ఈ తలనొప్పి తప్పుతుందా?

సమాధానం: ముందు మీ మేనేజర్ గారి మాట దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. చాలాచోట్ల చట్టం అడిగేది ఆడిట్ చేయించమనే, ఆడిటర్ చెప్పినవన్నీ చేసి తీరాలని కాదు. బ్రిటన్‌లో 2014లో వచ్చిన ఈసాస్ పథకం చూడండి, పెద్ద సంస్థలు నాలుగేళ్లకోసారి తమ ఇంధన వాడకాన్ని లెక్కగట్టి, ఎక్కడ ఆదా చేయొచ్చో రాయించుకుని, డైరెక్టర్ స్థాయి వ్యక్తి దాన్ని చదివినట్టు ఒప్పుకోవాలి. మొదట్లో అంతవరకే. ఆ తర్వాత రిపోర్టు బీరువాలోకి వెళ్లినా అడిగే నాథుడు ఉండేవాడు కాదు. మీ కంపెనీలో జరిగింది అదే, మీ ఒక్క కంపెనీలోనే జరగలేదు కూడా.

మిగతా సగం ఏమిటంటే, ఆ దారి మెల్లగా మూసుకుపోతోంది. యూరోపియన్ యూనియన్ 2023లో సవరించిన ఇంధన సామర్థ్య ఆదేశం ప్రకారం ఆడిట్ సిఫార్సుల మీద కంపెనీ ఒక కార్యాచరణ ప్రణాళిక తయారుచేసి యాజమాన్యం ముందు పెట్టాలి, వాటిలో ఎన్ని అమలయ్యాయో వార్షిక నివేదికలో బయటపెట్టాలి. వ్యాపార రహస్యాలకు మినహాయింపు ఉంది గానీ, "పదిహేను సిఫార్సులు, అమలు చేసినవి సున్నా" అన్నది రహస్యం కిందికి రాదు. బ్రిటన్‌లో కూడా మూడో విడత నుంచి కార్యాచరణ ప్రణాళిక అడుగుతున్నారు. మీ మేనేజర్ గారితో మాట్లాడేటప్పుడు పర్యావరణం గురించి ఉపన్యాసం ఇవ్వకండి, ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు. రేపు ఆ లెక్క కింద సంతకం పెట్టాల్సింది ఆయనో ఆయన పైవాళ్లో.

ఇక మీ కంపెనీ ఏ లెక్కన చట్టం కిందికి వస్తోందో కన్సల్టెంట్ చెప్పే దాకా ఆగకుండా మీరే ఒకసారి కూర్చుని చూసుకోండి. ఒక్కో దేశం ఒక్కోలా కొలుస్తుంది. యూరప్‌లో 2012 నాటి ఆదేశంలో "పెద్ద సంస్థ" అంటే ఉద్యోగుల సంఖ్య, టర్నోవర్ చూసేవారు, 250 మంది దాటితే పెద్దదే. దాంతో 300 మంది కంప్యూటర్ల ముందు కూర్చునే కన్సల్టెన్సీ ఆడిట్ చేయించుకోవాల్సి వచ్చేది, 60 మందితో రాత్రింబవళ్లు కొలిమి నడిపే ఫౌండ్రీ మాత్రం హాయిగా తప్పించుకునేది. ఇంత తిరకాసు లెక్క పదేళ్లకు పైగా నడిచింది. 2023 సవరణతో మనుషుల్ని లెక్కపెట్టడం మానేసి ఇంధనాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మూడేళ్ల సగటున, అన్ని ఇంధనాలూ కలిపి, ఏడాదికి 10 టెరాజౌల్స్ దాటితే ఆడిట్ తప్పనిసరి, మొదటిది 2026 అక్టోబర్ 11లోపు, తర్వాత నాలుగేళ్లకోసారి. 85 టెరాజౌల్స్ దాటితే 2027 అక్టోబర్ 11లోపు ఏకంగా ఎనర్జీ మేనేజ్‌మెంట్ వ్యవస్థే పెట్టుకోవాలి. టెరాజౌల్ అంటే ఎవరికీ తలకెక్కదు కాబట్టి యూనిట్లలో చెప్తాను, పది టెరాజౌల్స్ అంటే సుమారు 27.8 లక్షల యూనిట్లు, ఎనభై ఐదు అంటే దాదాపు 2.36 కోట్ల యూనిట్లు.

భారత్‌లో దారి వేరు. 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టం కింద రంగాలవారీగా ఇంధనం ఎక్కువగా వాడేవాళ్లను "డెసిగ్నేటెడ్ కన్స్యూమర్లు" అని గుర్తిస్తారు. 2007 నోటిఫికేషన్‌లో సిమెంటుకు ఏడాదికి 30,000 టన్నుల చమురుకు సమానమైన వాడకం, బట్టల మిల్లులకు 3,000 టన్నులు అని హద్దులు పెట్టారు. ఆ జాబితాలో ఉన్నవాళ్లు ఎనర్జీ మేనేజర్‌ని నియమించుకోవాలి, గుర్తింపు పొందిన ఆడిటర్‌తో ఆడిట్ చేయించాలి. 2010 నాటి నిబంధనల్లో దానికి మూడేళ్ల వ్యవధి పెట్టారు.

మీరు ఏ చట్టం కింద ఉన్నా చాలామంది ఒకచోట తప్పటడుగు వేస్తారు, కరెంటు బిల్లులు మాత్రమే కూడి "మేం హద్దు దాటలేదు" అనుకుంటారు. బాయిలర్‌లో కాల్చే గ్యాసు, జనరేటర్ డీజిలు, ఫోర్క్‌లిఫ్టుల సిలిండర్లు కూడా ఇంధనమే. కంపెనీ బండ్ల పెట్రోలు కూడా చాలాచోట్ల లెక్కలోకి వస్తుంది. ఒక ఎక్సెల్ షీటులో సైట్‌వారీగా, ఇంధనంవారీగా, నెలవారీగా మూడేళ్లది వేసి పెట్టండి. దీనికి ఒక వారం పోతుంది, అకౌంట్స్ వాళ్ల వెంట పడాలి, విసుగొస్తుంది, అయినా వేరేవాళ్లకు వదిలేయకండి.

ఇప్పుడు ఆడిటర్ సంగతి. తక్కువకు వచ్చేవాడు ఎక్కడ తగ్గిస్తాడో చూడండి. ఆఫీసు ఖర్చు ఎవరికైనా ఒకటే, కాబట్టి కోత పడేది మీ ప్లాంటులో గడిపే రోజుల మీదా, కొలత పరికరాల మీదా. ఒక పూట వచ్చి, నేమ్‌ప్లేట్ల మీద కిలోవాట్లు రాసుకుని, వాటిని నడిచే గంటలతో గుణించి, "ఎల్‌ఈడీ లైట్లు వేయండి, ఏసీ 24 మీద పెట్టండి, సిబ్బందికి అవగాహన కల్పించండి" అని నలభై పేజీలు ఇచ్చి పోతాడు. నేమ్‌ప్లేట్ మీద ఉండేది మోటారు ఎంత లోడు లాగగలదన్నది, ఎంత లాగుతోందన్నది కాదు, సగం లోడుతో నడిచే మోటార్లు ఏ ప్లాంటులో చూసినా కనిపిస్తాయి. యూరప్ ఆదేశంలోని అనుబంధం అయితే ఆడిట్ అన్నది తాజా, కొలిచిన, ఆధారం చూపగల వాడకం లెక్కల మీద నిలబడాలని స్పష్టంగా చెప్తుంది. కొటేషన్లు అడిగేటప్పుడు ధర కంటే ముందు మూడు ప్రశ్నలు వేయండి: ఒక్కో సైటులో ఎన్ని రోజులు ఉంటారు, ఏ మెషిన్ల మీద ఎన్నాళ్లు లాగర్లు (రీడింగులు రాసుకుంటూ పోయే మీటర్లు) పెడతారు, రాత్రి షిఫ్టులో ఒక్కసారైనా వస్తారా. మూడో ప్రశ్నకు అటూ ఇటూ చూసేవాళ్లని పక్కన పెట్టేయండి.

ఎందుకంటే అసలు సరుకంతా రాత్రే దొరుకుతుంది. ఆడిటర్ వచ్చేలోపు మీరు చేయదగ్గ పని ఒకటి ఉంది, దీనికి ఎవరి అనుమతీ, పైసా ఖర్చూ అక్కర్లేదు. మీ మెయిన్ మీటర్ పదిహేను నిమిషాలకోసారో అరగంటకోసారో రీడింగ్ దాచుకుంటుంది, పెద్ద కనెక్షన్లన్నిటికీ దాదాపు అలాగే ఉంటుంది. ఆ డేటా సరఫరా సంస్థను అడిగి తెప్పించుకోండి. ఏ షిఫ్టూ లేని ఆదివారం రాత్రి రెండు గంటలకు ప్లాంటు ఎంత లాగుతోందో చూడండి. అనుకుందాం, 270 కిలోవాట్లు చూపించింది. ఏమీ తయారుకాని వేళ ఇంత లోడు దేనికి? సర్వర్ గది, సెక్యూరిటీ లైట్లు, కోల్డ్ స్టోరేజీ ఉంటే అది, ఏదైనా వేడిగా ఉంచాల్సిన ట్యాంకు, ఇవన్నీ కూడితే ఎంతవుతుందో మీకే తెలుసు. మిగిలిందంతా ఎవరో ఆపడం మర్చిపోయినదే. ఏడాది పొడవునా ఆగకుండా నడిచే ఒక్కో కిలోవాటు 8,760 యూనిట్లు తింటుంది, అందులో వంద కిలోవాట్లు అక్కర్లేనివని తేలితే 8.76 లక్షల యూనిట్లు. పైన చెప్పిన పది టెరాజౌల్స్ హద్దులో దాదాపు మూడో వంతు అది, ఒక్క వస్తువు కూడా తయారుచేయకుండా!

ఇదే సంగతిని ఇంకో వైపు నుంచి కూడా పట్టుకోవచ్చు. నెలవారీ ఉత్పత్తిని అడ్డంగా, యూనిట్లను నిలువుగా పెట్టి గ్రాఫ్ గీయండి, చుక్కల మధ్య నుంచి ఒక గీత లాగండి. ఉదాహరణకు, వెయ్యి టన్నులు తీసిన నెలలో 5 లక్షల యూనిట్లు, ఐదొందల టన్నులు తీసిన నెలలో 3.5 లక్షల యూనిట్లు వాడారనుకోండి. ఉత్పత్తి సగమైంది, వాడకం సగం కాలేదు. గీతను వెనక్కి పొడిగిస్తే ఉత్పత్తి సున్నా దగ్గర 2 లక్షల యూనిట్లు ఉంటుంది, నెలకున్న 730 గంటలతో భాగిస్తే 274 కిలోవాట్లు. ఆదివారం రాత్రి మీటర్ చూపించిందీ ఇదీ దగ్గరదగ్గరగా ఉంటే మీ లెక్క గట్టిదే. ఇంకో లాభం కూడా ఉంది, ఆర్డర్లు తగ్గిన నెలలో టన్నుకు 500 యూనిట్లు కాస్తా 700 అయిందని పై వాళ్లు మెయింటెనెన్స్ మీద పడతారు చూడండి, అప్పుడు ఈ గీత చూపిస్తే చాలు, మెషిన్లు పాడవలేదు, స్థిరంగా ఉండే లోడు తక్కువ టన్నుల మీద పడిందంతే అని తెలిసిపోతుంది.

రాత్రి లోడులో మొదట అనుమానించాల్సింది మెషిన్లకు గాలిని నొక్కి పంపే కంప్రెసర్‌ని. ఫ్యాక్టరీలో అన్నిటికంటే ఖరీదైన ఇంధనం కంప్రెస్డ్ ఎయిర్, కానీ గాలే కదా అని దాన్ని ఎవరూ ఖర్చు కింద చూడరు. కంప్రెసర్‌కి ఇచ్చిన కరెంటులో చివరికి పనిగా మారేది పది, పదిహేను శాతం, మిగతాదంతా వేడిగా పోతుంది. ఆ తయారైన గాలిలోనూ లీకేజీలు. సరిగా చూసుకోని ప్లాంట్లలో తయారైన గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోవడం మామూలే. 7 బార్ ప్రెషర్ దగ్గర మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి సుమారు 3 నుంచి 4 కిలోవాట్ల కరెంటును మింగుతుంది, ఏడాదికి లెక్కేసుకోండి, ముప్పై వేల యూనిట్ల పైమాటే అవ్వచ్చు.

దీన్ని మీరే కొలవచ్చు. ప్లాంటు ఆగి ఉన్నప్పుడు, గాలి వాడేవి ఏవీ నడవనప్పుడు, ఒక కంప్రెసర్ మాత్రం ఆన్ చేసి పక్కన వాచీ పట్టుకుని నిలబడండి. లోడ్ అయినప్పుడు, అంటే గాలి నొక్కుతున్నప్పుడు, శబ్దం బరువెక్కుతుంది, అన్‌లోడ్ అయి ఊరికే తిరుగుతున్నప్పుడు తేలికవుతుంది, పది నిమిషాల్లో చెవికి అలవాటవుతుంది. రెండు నిమిషాలు లోడ్, ఆరు నిమిషాలు అన్‌లోడ్ అని వచ్చిందనుకోండి, మొత్తం ఎనిమిదిలో రెండు, అంటే ఆ కంప్రెసర్ కెపాసిటీలో పాతిక శాతం లీకుల్లో పోతోంది. నాలుగైదు సార్లు కొలిచి సగటు తీయండి. తర్వాత ఆ నిశ్శబ్దంలోనే లైన్ వెంబడి నడవండి, క్విక్ కప్లింగుల దగ్గర, పాత హోస్ క్లాంపుల దగ్గర, ఎవరూ వాడని డ్రాప్ లైన్ల చివర బుస్సుమంటుంటాయి. సబ్బు నీళ్లు, చాక్‌పీసు, ట్యాగులు తీసుకెళ్తే సరిపోతుంది. పనిలో పనిగా ప్రెషర్ సెట్టింగు కూడా చూడండి, ఎప్పుడో ఒక మెషిన్‌కి చాలట్లేదని ఎవరో పెంచి ఉంటారు, దించినవాళ్లు ఉండరు. ఒక బార్ తగ్గిస్తే కంప్రెసర్ కరెంటు ఆరేడు శాతం తగ్గుతుంది, లీకుల్లో పోయేదీ తగ్గుతుంది.

మీటర్లు పెట్టడానికి మెషిన్లు ఆపనివ్వట్లేదన్నారు కదా, ఈ గొడవ చాలావరకు ముందుగా అడగకపోవడం వల్ల వస్తుంది. క్లాంప్ రకం లాగర్లు వైరు తెంచకుండా బయటి నుంచి తగిలించేవే, కానీ ప్యానెల్ తెరవాలి కాబట్టి అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్, పర్మిట్ లేకుండా ఆ పనికి దిగనివ్వకండి, ఆడిటర్ ఎంత తొందరపెట్టినా సరే. మీ దగ్గర ఎలాగూ ముందే అనుకున్న షట్‌డౌన్ ఒకటి ఉంటుంది, ఆడిట్ తేదీలు దాని చుట్టూ వేయించండి, ఆ రోజు లాగర్లు తగిలించేసి రెండు మూడు వారాలు వదిలేయండి. లీకులు పట్టే అల్ట్రాసోనిక్ పరికరానికీ, థర్మల్ కెమెరాకీ మెషిన్ ఆపాల్సిన అవసరమే లేదు, నడుస్తుంటేనే మంచిది. ప్రొడక్షన్ హెడ్‌ని ఆడిట్ మొదటి మీటింగుకే పిలవండి. మెషిన్ ఖాళీగా ఎప్పుడు తిరుగుతుందో, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య కొలిమి వేడిగా ఎందుకుంచుతారో వాళ్లకే తెలుసు. ఆ మాటలు విననివాడు రాసిన సిఫార్సు తర్వాత వాళ్ల చేతిలోనే చచ్చిపోతుంది.

రిపోర్టు డ్రాఫ్టు చేతికొచ్చాక నేరుగా సారాంశం పట్టికకు వెళ్లకండి. చాలా రిపోర్టుల్లో అక్కడే మాయ ఉంటుంది. పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో ఎంత నిజంగా పనికొస్తోందో చెప్పే లెక్క) సరిచేయడానికి కెపాసిటర్లు పెడితే బిల్లు తగ్గొచ్చు, డిమాండ్ చార్జీలు, పెనాల్టీలు తగ్గుతాయి కాబట్టి, కానీ మోటారు తినే యూనిట్లు దాదాపు అంతే ఉంటాయి. దాన్ని "ఇంధన ఆదా" కింద వేస్తే అడగండి. మోటారు వేగాన్ని తగ్గించి పెంచే వీఎఫ్‌డీల దగ్గర ఇంకో మాయ. ఫ్యాన్ వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుందన్నది నిజమే, వేగం ఘనానికి తగ్గట్టు పవర్ మారుతుంది. గాలి దారిలోని మూత (డ్యాంపర్) సగం మూసి ఫ్యాన్‌ని ఫుల్ స్పీడులో నడిపే చోట అది అద్భుతంగా పనిచేస్తుంది. కానీ అదే సూత్రాన్ని కన్వేయర్‌కీ, నీళ్లను ఎత్తు మీదికి తోసే పంపుకీ కూడా అంటగట్టి అంతే ఆదా చూపించారంటే లెక్క తప్పు. ఇక కూడికల సంగతి. లీకులు మూస్తే 20 శాతం, కొత్త కంప్రెసర్ కొంటే 25 శాతం, ప్రెషర్ తగ్గిస్తే 7 శాతం, మొత్తం 52 శాతం అని వేస్తారు. లీకులు మూసి ప్రెషర్ దించాక అంత కంప్రెసరే అక్కర్లేకపోవచ్చు! ఒకదాని తర్వాత ఒకటి చేస్తే చివరికి ఎంత మిగులుతుందో వరసగా లెక్కగట్టి ఇవ్వమనండి.

బాయిలర్ దగ్గర చూడాల్సినవి చాలావరకు మీకు తెలిసినవే, పొగ గొట్టం ఉష్ణోగ్రత, అదనపు గాలి, మూత పడని స్టీమ్ ట్రాపులు, ఇన్సులేషన్ ఊడిన వాల్వులు. బాయిలర్‌లోకి వెళ్లే ఫీడ్ వాటర్‌ని ఆరు డిగ్రీలు ఎక్కువ వేడిగా పంపగలిగితే ఇంధనం ఒక శాతం మిగులుతుందని పాత లెక్క ఒకటి ఉంది, కండెన్సేట్ (ఆవిరి చల్లబడి మారిన వేడి నీళ్లు) డ్రెయిన్‌లోకి పోతున్న ప్లాంటుల్లో దాన్ని గోడ మీద రాసిపెట్టుకోవాలి. ఆఫీసు భవనం, గోదాము మీద మాత్రం పెద్దగా బుర్ర పాడుచేసుకోకండి, టైమర్లు, తలుపులు, లైట్లు చూసి ముందుకెళ్లండి, ఫ్యాక్టరీల పక్కన పెడితే అవి చిల్లర.

ఫైనాన్స్ వాళ్లు "రెండేళ్లలో డబ్బు తిరిగి రాకపోతే కుదరదు" అంటారు చూడండి, అక్కడే మంచి సిఫార్సులు చాలావరకు ఆగిపోతాయి. పేబ్యాక్ అన్నది డబ్బు ఎప్పుడు తిరిగొస్తుందో చెప్తుంది, ఆ తర్వాత మెషిన్ ఇంకా ఎన్నేళ్లు సంపాదిస్తుందో చెప్పదు. పదేళ్లు పనిచేసే పరికరం మూడేళ్లలో పెట్టుబడి తిరిగిస్తే ఏటా సుమారు 31 శాతం రాబడి అన్నమాట, నాలుగేళ్లలో తిరిగిస్తే కూడా 21 శాతం. కొత్త ప్రొడక్షన్ లైన్ వేసేటప్పుడు అంతకంటే తక్కువకే సంతకాలు పెట్టేస్తారు, ఇక్కడ మాత్రం ముక్కు చిట్లిస్తారు. వీలైన చోటల్లా సాధారణ పేబ్యాక్ కాకుండా జీవితకాల ఖర్చు లెక్కగట్టాలని యూరప్ ఆదేశమే చెప్తోంది. మీ ఆడిటర్‌ని కూడా ప్రతి సిఫార్సుకీ ఆ లెక్క ఇమ్మని ఆర్డర్ కాగితంలోనే రాయించండి, పని అయ్యాక అడిగితే అదనపు డబ్బులు అడుగుతారు.

ఇప్పుడు మీ భయం. వృథా అంతా బయటపడితే ఎవర్ని అడుగుతారు? నిజం చెప్పాలంటే, ఏ కాగితం లేకపోతే మిమ్మల్నే అడుగుతారు. అందుకే ఆడిటర్ కాలు పెట్టకముందే ఆ బీరువా తెరవండి. పాత రిపోర్టులోని ఒక్కో సిఫార్సుకీ ఎదురుగా మూడు గడులు గీయండి: చేశామా, చేయకపోతే ఏ కారణం, ఎవరి దగ్గర ఆగింది. మీరు అప్పట్లో పంపిన మెయిల్ ఉంటే తేదీ వేయండి. ఎవరి మీదా నింద రాయకండి, "బడ్జెట్ రాలేదు", "షట్‌డౌన్ దొరకలేదు", "మెయింటెనెన్స్‌లో మనుషులు చాలలేదు" అని ఉన్నదున్నట్టు రాయండి, మీ విభాగం వైపు నుంచి ఆగినవి కూడా దాచకండి. ఆ ఒక్క పేజీని మీ మేనేజర్‌కి పంపి, "ఆడిటర్ మొదట అడిగేది ఇదే సార్, ముందే మీ దృష్టికి తెస్తున్నాను" అని రెండు లైన్లు జతచేయండి. దాంతో సమస్యను కనిపెట్టిన మనిషి మీరే అవుతారు, పట్టుబడిన మనిషి కారు. పైగా పాత సిఫార్సుల్లో ఖర్చులేనివి, లీకులు, ప్రెషర్ సెట్టింగు, ఆదివారం ఆపేయాల్సిన ఫ్యాన్లు లాంటివి, ఆడిట్‌లోపే చేసేస్తే కొత్త రిపోర్టులో అవి "ఇప్పటికే అమలైనవి" కింద పడతాయి. అయితే చేసే ముందు రీడింగులు తీసి పెట్టుకోవడం మర్చిపోకండి, లేకపోతే మీరు తగ్గించిన సంగతికి సాక్ష్యం ఉండదు, ఆర్డర్లు తగ్గాయి కాబట్టి బిల్లు తగ్గింది అనేస్తారు.

కొత్త రిపోర్టు వచ్చాక కూడా పెద్ద కమిటీలు వేయించకండి, అవి రెండు మీటింగుల తర్వాత ఎక్కడివక్కడే ఆగిపోతాయి. ఒక్కో పనికి ఒక పేరు, ఒక తేదీ, తగ్గిందో లేదో చూపించే మీటర్ ఏదో రాస్తే చాలు. పేరు దగ్గర "మెయింటెనెన్స్ విభాగం" అని రాయనివ్వకండి, అలా రాస్తే అది మళ్లీ మీరే!

సోలార్ గురించి అడిగారు. దానివల్ల ఆడిట్ తప్పదు, ఎందుకంటే ఇలాంటి చట్టాలు చూసేది ఎంత వాడుతున్నారన్నది, ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారన్నది కాదు. మీ కప్పు మీద తయారైన యూనిటు కూడా మీరు వాడిన యూనిటే. నిజంగా ఆడిట్ నుంచి మినహాయింపు కావాలంటే యూరప్‌లో, బ్రిటన్‌లో ఒక దారి ఉంది, కంపెనీ మొత్తానికీ ఐఎస్‌ఓ 50001 ఎనర్జీ మేనేజ్‌మెంట్ సర్టిఫికేషన్ తీసుకుంటే విడిగా ఆడిట్ అడగరు. కానీ అది ఒకసారి చేసి ఊరుకునే పని కాదు, ఏటా లెక్కలు, సమీక్షలు ఉంటాయి, రెండు ఫ్యాక్టరీలున్న మీలాంటి కంపెనీకి పనికొస్తుందేమో గానీ ఈ గడువులోపు తప్పించుకునే దారిగా మాత్రం చూడకండి. సోలార్ వద్దని కాదు, తర్వాత పెట్టుకోండి. ప్యానెళ్లు మధ్యాహ్నం ఇస్తాయి, మీ 270 కిలోవాట్లు రాత్రి రెండింటికి కూడా పోతున్నాయి, ఆ వృథాను ప్యానెళ్లు ఎన్ని వేసినా మూయలేవు. పైగా ఇప్పుడున్న వాడకం చూసి కెపాసిటీ నిర్ణయిస్తే లీకుల కోసం కూడా ప్యానెళ్లు కొన్నట్టవుతుంది. కంప్రెసర్ పని, ఆదివారం లోడు పని అయ్యాక, తగ్గిన లోడుతో కనీసం ఒక మూడు నెలల మీటర్ డేటా చేతికొచ్చాక కొటేషన్లు పిలవండి, ఆ డేటానే వాళ్లకు ఇవ్వండి, పాత బిల్లులు ఇవ్వకండి.